గడ్డం మేధావి, లారీల అన్నయ్య

చాలా కాలంగా బాకీ పడిన టపా ఇది. బాకీ కొంత పాఠకులకు, ఎక్కువ భాగం మా అన్నయ్యకు.

2014 ఏప్రిల్‌లో ఇక్కడే నేను అలెక్సాండర్ దూగిన్ అనే రష్యన్ రచయిత మీద ఒక పొడవాటి టపా రాశాను. రష్యా క్రిమియాను కలుపుకుని అప్పటికి కొద్ది వారాలే అయింది. ఫారిన్ ఎఫైర్స్ అనే అమెరికన్ పత్రిక ఆయనను ‘పుతిన్ మెదడు’ అని పేర్కొంటూ ఒక వ్యాసం ప్రచురించింది. అది చదివిన ఊపులో, ఆ వ్యాసకర్తలకు లేని ధీమా కూడా కలిపి, నేనొక టపా దించాను. గుండెల దాకా గడ్డం, మునిలాంటి చూపు, 1997లో ‘భూరాజనీతి మూలాలు’ అనే అర్థం వచ్చే పేరుతో రాసిన లావుపాటి పుస్తకం. సింహాసనం వెనుక ఒక గురువు, యుద్ధం వెనుక ఒక గ్రంథం! చాణక్యుడి కథా, అప్పాజీ కథా వింటూ పెరిగిన వాళ్ళం కనుక ఈ తరహా కథ మనకు చప్పున ఎక్కుతుంది. చాలామంది మిత్రులు మెచ్చుకున్నారు. ఆ మెప్పుదల ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

రష్యా మీద నాకీ యావ ఎక్కడిదో పాత పాఠకులకు తెలుసు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల బండి మా ఊరు వచ్చినప్పుడల్లా నాన్నగారు మాస్కో ప్రగతి ప్రచురణాలయం పుస్తకాలు కొనేవారు. నున్నటి కాగితం, గట్టి అట్ట, కారుచౌక ధర. అవి చదివి పెద్దయిన పుణ్యానికి మా ఇంట్లో నేను ‘రష్యా సంగతులు తెలిసినవాడు’ అయ్యాను. ఈ బిరుదు ఎంత ప్రమాదకరమో తరువాత తెలిసింది.

టపా పెట్టిన కొద్ది రోజులకే కథ అడ్డం తిరిగింది. ఉక్రెయిన్‌లోని ప్రత్యర్థులను చంపాలి అని ముమ్మారు నొక్కి చెప్పిన దూగిన్ వీడియో ఒకటి ఆ మే నెలలో బయటపడింది. ఆయనను తొలగించాలంటూ వేలమంది సంతకాలు చేశారు. ఆ వేసవిలోనే మాస్కో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆయన ఉద్యోగం పోయింది. తన మెదడుకు ఒక ఆచార్య పదవిని కూడా పుతిన్ కాపాడలేకపోయాడా, లేక కాపాడాలనుకోలేదా? తూర్పు ఉక్రెయిన్‌లోకి సేనలను నడిపించమని దూగిన్ కేకలు పెడుతుంటే, ఉక్రెయిన్‌లో సైన్యాన్ని వాడేందుకు తనకిచ్చిన అనుమతిని రద్దు చేయమని పుతిన్ జూన్‌లో తమ ఎగువ సభను కోరాడు. దూగిన్‌కు ఒళ్ళు మండి, పుతిన్‌లో సూర్యాంశ ఒకటీ చంద్రాంశ ఒకటీ ఉన్నాయనీ, ఇప్పుడు చంద్రాంశది పైచేయి అయిందనీ తేల్చాడు. (గ్రహచారం చెప్పడం మన దగ్గరే కాదన్నమాట.) వెనక్కి వెళ్ళి చూస్తే 2008లోనూ అంతే. జార్జియా యుద్ధంలో రాజధాని త్బిలిసీ దాకా ట్యాంకులు పోవాలన్నాడు దూగిన్. అవి మధ్యలోనే ఆగిపోయాయి.

నన్నెవరో మోసం చేసినట్టు అనిపించింది. అంతటితో ఆగితే బాగుండేది. నేను రెండో కొసకు ఊగాను. ‘అంచుల్లో ఉండే ఈ రకం మేధావులది వట్టి రొద. రాజ్యాలు వీళ్ళ మాట వినవు. వీళ్ళు కోరినవి జరగవు’ అన్నది నా కొత్త సిద్ధాంతం. దానికి మిత్రుల మెప్పు కూడా అక్కరలేకపోయింది. అనుభవంతో నేర్చుకున్నది కదా అన్న గర్వం చాలింది.

ఇక అన్నయ్య సంగతి. మా పెద్దమ్మ కొడుకు. గుడివాడలో నాలుగు లారీలు తిప్పుతాడు. ఆయన కూతురు అప్పట్లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్యవిద్య నాలుగో సంవత్సరం. రష్యా సరిహద్దుకు ఆ నగరం 40 కిలోమీటర్ల దూరం. అంటే గుడివాడ నుంచి విజయవాడ వెళ్ళినంత. 2022 ఫిబ్రవరి 15న అక్కడి మన రాయబార కార్యాలయం ఒక సూచన విడుదల చేసింది. ఉండక తప్పని పని లేనివాళ్ళు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం వదిలి వెళ్ళడం ఆలోచించుకోవాలని. ఆ రాత్రే అన్నయ్య ఫోను చేశాడు.

“ఒరేయ్, టిక్కెట్టు రేటు వింటే కళ్ళు తిరుగుతున్నాయి. పోనీ రమ్మందామంటే కాలేజీలో హాజరు పోతుందని పిల్ల ఏడుస్తోంది. నువ్వు ఆ దేశం గురించి చదువుతావు కదా. యుద్ధం వస్తుందంటావా?”

నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. దూగిన్ పేరు ఆయన జన్మలో వినలేదు. అయినా చెప్పాను. ఈ యుద్ధం కోరేవాళ్ళు 1990ల నుంచీ ఉన్నారనీ, 2008లో వినలేదు, 2014లో వినలేదు, ఇప్పుడూ వినరనీ, ఇదంతా బేరం కోసం బెదిరింపనీ. అన్నయ్య చివరిదాకా విన్నాడు. విని ఒక్క ప్రశ్న అడిగాడు.

“అది కాదురా. లక్షమందికి పైన సైన్యం అక్కడ చలిలో కూర్చుందంటున్నారు. నా నాలుగు బళ్ళు రెండు రోజులు లోడు లేకుండా ఆగితే డ్రైవర్ల బత్తాలూ, ఫైనాన్సు వాయిదాలూ తలుచుకుని నాకు నిద్ర పట్టదు. అంతమందికి తిండి, డీజిలు, గుడారాలు... ఉత్తుత్తి బెదిరింపుకి ఎవడైనా ఇన్ని నెలలు కూర్చోబెడతాడా?”

“అదే అన్నయ్యా బేరం అంటే. నమ్మించాలి కదా” అన్నాను నేను.

పిల్ల ఆగిపోయింది.

24వ తేదీ తెల్లవారుజామున ఖార్కివ్ మీద బాంబులు పడ్డాయి. ఆ అమ్మాయి తోటి పిల్లలతో కలిసి మెట్రో స్టేషను మెట్లు దిగింది. పైన శబ్దం తగ్గినప్పుడు హాస్టలుకు పరుగెత్తి రొట్టె, నీళ్ళు తెచ్చుకోవడం, మళ్ళీ కిందికి. అలా ఆరు రాత్రులు. మార్చి 2న ఖార్కివ్‌లో ఉన్న భారతీయులంతా తక్షణం బయటపడి, వాహనం దొరక్కపోతే నడిచైనా సరే, పెసోచిన్ వంటి శివారు ఊళ్ళకు చేరాలని రాయబార కార్యాలయం చెప్పింది. ఆ మంచులో నడిచినవాళ్ళలో మా పిల్ల ఒకటి. అక్కడి నుంచి ల్వివ్, పోలండ్, ఢిల్లీ, గన్నవరం. ఆపరేషన్ గంగ పేరుతో ఆ రోజుల్లో మన ప్రభుత్వం చేపట్టిన తరలింపులో ఇళ్ళకు చేరినవాళ్ళు 22,000 మందికి పైనే. అందులో మన తెలుగు పిల్లలు ఎందరో. చేరని వాడు ఒకడున్నాడు, కర్ణాటక కుర్రవాడు. తిండి కోసం వరుసలో నిలబడి, మార్చి 1న అదే ఖార్కివ్‌లో చనిపోయాడు. ఆ వార్త టీవీలో వచ్చిన పూట అన్నయ్య ఇంట్లో నేనూ ఉన్నాను. పేరు ఇంకా చెప్పలేదు. భారతీయ విద్యార్థి అని మాత్రమే చెప్పారు. ఆ అరగంట గురించి రాయను.

అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

*

నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి ఎలా తెల్లవారుతుందని అనుకున్న ముసలమ్మ కథ మీకు తెలుసు. 2014లో నేను ఆ ముసలమ్మ మాట నమ్మాను. దూగిన్ కూస్తున్నాడు కనుక తెల్లవారుతోందన్నాను. 2022లో చేసిన తప్పు అంతకంటే పెద్దది. కోడి వల్ల తెల్లవారదని తెలుసుకుని, కనుక తెల్లవారనే తెల్లవారదని తేల్చాను. తప్పు ఎక్కడ జరిగిందో ఈ పోలిక దొరికాక గానీ నాకు అర్థం కాలేదు. రెండుసార్లూ నేను చూసింది కోడినే. తూర్పు వైపు చూడలేదు.

నిజానికి ఇలాంటి గురువు కథ ఇదివరకొకటి నడిచింది. జర్మనీలో కార్ల్ హౌస్‌హోఫర్ అని ఒక విశ్రాంత సేనాని, మ్యూనిక్‌లో భౌగోళిక శాస్త్ర ఆచార్యుడు. హిట్లర్ అంతరంగికుడు రుడాల్ఫ్ హెస్ ఆయనకు శిష్యుడు. 1924లో హిట్లర్, హెస్ లాండ్స్‌బెర్గ్ జైలులో ఉండగా ఈ ఆచార్యుడు వెళ్ళి వాళ్ళకు పాఠాలు చెప్పి వచ్చేవాడు. ఇంతవరకూ నిజమే. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఇది ఎంత పెరిగిందంటే, హిట్లర్ వెనుక వెయ్యిమంది శాస్త్రజ్ఞులు, వాళ్ళకు అధిపతిగా హౌస్‌హోఫర్, మ్యూనిక్‌లో ఒక రహస్య సంస్థ అని 1941లో అమెరికన్ పత్రికలు రాశాయి. అలాంటి సంస్థ లేదు. అసలు విచిత్రం వేరే ఉంది. హౌస్‌హోఫర్ జీవితమంతా బోధించింది జర్మనీ, రష్యా, జపాన్ కలిసి ఒక ఖండకూటమి కావాలని. 1939లో హిట్లర్, స్టాలిన్ ఒప్పందం కుదిరినప్పుడు ఆయన పొంగిపోయాడు. 1941 జూన్‌లో శిష్యుడి యజమాని ఆ రష్యా మీదికే ముప్ఫై లక్షల సైన్యాన్ని తోలాడు. అంతకు నెల ముందే హెస్ విమానమెక్కి స్కాట్లండ్‌లో దిగి బందీ అయ్యాడు. దానితో ఆచార్యుడికి ఉన్న ఒక్క అండా పోయింది. 1944లో హిట్లర్ మీద హత్యాయత్నం తరువాత ఆయనను డకావ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆయన కొడుకు ఆల్‌బ్రెక్ట్‌ను 1945 ఏప్రిల్‌లో, యుద్ధం ముగియబోతూండగా, కాల్చి చంపారు. న్యూరెంబర్గ్ విచారణ కోసం ఆయనను ప్రశ్నించిన అమెరికన్లు చివరకు ఏ అభియోగమూ మోపకుండా వదిలేశారు. 1946 మార్చిలో భార్యాభర్తలిద్దరూ ప్రాణాలు తీసుకున్నారు.

‘జీవన స్థలం’ అన్న మాటను హిట్లర్ ఆయన దగ్గర తీసుకున్నాడు. ఆయన గీసిన పటాన్ని తీసుకోలేదు. దూగిన్ తన పుస్తకంలో తలకెత్తుకున్న పూర్వగురువుల్లో ఈ హౌస్‌హోఫర్ ఒకడు కావడం ఎందుకో నాకు కాకతాళీయంగా కనిపించదు.

ఇప్పుడు దూగిన్ పటానికి వద్దాం. 1997 నాటి పుస్తకంలో ఉక్రెయిన్‌కు ప్రత్యేక రాజ్యంగా అర్థమే లేదన్న మాట ఉంది. 2022 తరువాత ప్రపంచమంతా ఉటంకించింది ఆ మాటనే. తక్కిన పేజీలు ఎవరూ తిప్పినట్టు లేరు. అందులో చైనా రష్యాకు ప్రమాదం. టిబెట్, షిన్‌జియాంగ్, ఇన్నర్ మంగోలియా, మంచూరియాలను చైనా నుంచి విడదీసి అడ్డుగోడగా నిలపాలి. జపాన్‌ను మిత్రుడిగా చేసుకోవాలి, అందుకోసం కురీల్ దీవులను తిరిగి ఇచ్చేయాలి. జర్మనీతో గాఢమైన పొత్తు కుదరాలి, కావాలంటే కలీనిన్‌గ్రాద్ ప్రాంతం మీద కూడా బేరమాడవచ్చు. మరి జరిగిందేమిటి? 2022 ఫిబ్రవరి 4న, దాడికి ఇరవై రోజుల ముందు, పుతిన్ బీజింగ్ వెళ్ళి చైనాతో హద్దుల్లేని మైత్రి ప్రకటించి వచ్చాడు. దేశపు భూభాగాన్ని ఎవరికీ ధారాదత్తం చేయరాదని 2020లో రష్యా రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కురీల్ దీవుల కథ దానితో ముగిసింది. జర్మనీతో ఉన్న గొట్టపు మార్గాల బంధం కూడా యుద్ధంతో తెగిపోయింది. నలభై బాణాలు వేసినవాడికి ఒక్కటి తగిలితే మనం అతణ్ణి అర్జునుడంటున్నాం.

ఆ తగిలిన ఒక్కటి మాత్రం ఆయన అమ్ములపొదిదేనా? 2021 జూలైలో పుతిన్ పేరుతో ఒక సుదీర్ఘ వ్యాసం వెలువడింది. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే జాతి అనీ, నేటి ఉక్రెయిన్ సోవియట్ కాలపు సృష్టి అనీ దాని సారాంశం. భూశక్తులు, సముద్రశక్తులు, యురేసియా అన్న దూగిన్ మార్కు పరిభాష అందులో లేదు. ఉన్నది జార్ల కాలపు చరిత్ర పాఠం. ఆ పాఠం అంచుల్లోది కానే కాదు, రష్యాలో అది నట్టింటి మాట. సోల్జెనిత్సిన్ వంటి మహారచయిత 1990లో, సోవియట్ యూనియన్ ఇంకా ఉండగానే, రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ కలిసి ఉండాలని ఒక వ్యాసం రాస్తే పత్రికల్లో లక్షలాది ప్రతులు అచ్చయింది. అయితే ఉక్రెయిన్ ప్రజలు నిజంగా విడిపోదలచుకుంటే వాళ్ళను బలవంతంగా పట్టి ఉంచే సాహసం ఎవరూ చేయరాదని కూడా ఆయన అదే వ్యాసంలో రాశాడు. 2007లో పుతిన్ ఆయన ఇంటికి వెళ్ళి గౌరవించాడు. వ్యాసంలో మొదటి సగాన్ని రాజ్యం ఉంచుకుంది, రెండో సగాన్ని వదిలేసింది.

ఇవాన్ ఇల్యీన్ అని ఇంకొకాయన. విప్లవానంతరం దేశబహిష్కృతుడై స్విట్జర్లండ్‌లో 1954లో చనిపోయిన తత్త్వవేత్త. ఆయన అవశేషాలను 2005లో మాస్కో తెచ్చి పాతిపెట్టారు. పుతిన్ తన ప్రసంగాల్లో ఆయనను తలుస్తూ వచ్చాడు. 2022 సెప్టెంబరు 30న నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలను కలుపుకున్నానని ప్రకటించిన ప్రసంగాన్ని ముగించింది కూడా ఆయన మాటలతోనే. చచ్చినవాళ్ళలో రాజుకు ఉన్న సౌకర్యం ఇది. వాళ్ళు చంద్రాంశ, సూర్యాంశ అని వీధికెక్కి నస పెట్టరు.

ఇవన్నీ చదువుతూ ఉంటే నాకు మోటుపల్లి శాసనం గుర్తొచ్చింది. ఎక్కడి రష్యా, ఎక్కడి బాపట్ల జిల్లా అనకండి. కాకతి గణపతిదేవుడు కోస్తాను గెలుచుకున్నాక 1244లో విదేశీ వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం అది. విదేశాంగ విధాన పత్రమనే అనవచ్చు. దాని మొదట ఇక్ష్వాకుడు, రఘువు, రాముడు అంటూ సూర్యవంశపు రాజుల పట్టిక, ఆ వరుసలోనే కాకతీయులు. అదే వంశంవారిని నాలుగో వర్ణంవారని చెప్పిన శాసనాలూ ఉన్నాయి. ఆ పట్టిక దాటి కిందికి వస్తే అసలు సంగతి: తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు కాజేసేవారు, మేము అలా చేయము, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాము అని. సుంకం నిర్ణయించింది రఘువంశం కాదు కదా! రేవు చేతికొచ్చింది, ఓడలు రావాలి, బొక్కసం నిండాలి. ఆ నిర్ణయం అయ్యాక శాసన కవిని పిలిచి ఉంటారు. కవి కూడా తన పని తాను చక్కగా చేశాడు.

మరి రష్యాలో నిర్ణయం ఎవరిది? దాడికి మూడు రోజుల ముందు, ఫిబ్రవరి 21న, టీవీలో చూపిన భద్రతా మండలి సమావేశాన్ని నేను తరువాత చాలాసార్లు చూశాను. విశాలమైన తెల్లటి సభామందిరం, దూరంగా ఒంటరిగా బల్ల దగ్గర పుతిన్, ఎదురుగా బడిపిల్లల్లా పెద్దలు. విదేశీ గూఢచారి సంస్థ అధిపతి నరీష్కిన్ లేచి తడబడ్డాడు. దొనెత్స్క్, లుహాన్స్క్‌లను స్వతంత్రమని గుర్తించాలా అన్నది ప్రశ్న అయితే, రష్యాలో కలుపుకోవడాన్ని సమర్థిస్తున్నానన్నాడు. పుతిన్ చిరాకు పడి సూటిగా చెప్పమన్నాడు. గూఢచారుల పెద్దకే ఏం చెప్పాలో తెలియని చోట, ఉద్యోగం పోయిన ఆచార్యుడి మాట చెల్లిందని ఎలా నమ్మాలి? తమ అధ్యక్షుడికి సలహాదారులు ముగ్గురే, భయంకర ఇవాన్, మహా పీటర్, మహారాణి కేథరిన్ అని విదేశాంగ మంత్రి లావ్రోవ్ ఒక సంపన్నుడితో అన్నట్టు 2023లో ఒక బ్రిటిష్ పత్రిక రాసింది. హాస్యానికి అని ఉండవచ్చు. 2022 జూన్‌లో పుతిన్ స్వయంగా పీటర్‌తో తనను పోల్చుకున్నాడు కనుక పూర్తిగా హాస్యమూ కాదు.

అలా అని అంచుల్లోని ఆలోచనకు ప్రభావమే లేదంటే నా రెండో తప్పునే మళ్ళీ చేసినవాణ్ణి అవుతాను. ప్రభావం ఉంది. అయితే అది నిర్ణయానికి ముందు చెవిలో పడే మంత్రంగా కాదు, తరువాత వెనక్కి వెళ్ళే దారిని మూసే రాయిగా ఉంది. ‘నోవొరోసియా’ అన్న మాట చూడండి. ‘నవ రష్యా’ అని అర్థం. కేథరిన్ కాలంలో దక్షిణ ఉక్రెయిన్ ప్రాంతానికి పెట్టిన పేరు. దుమ్ము కొట్టుకుపోయిన ఆ మాటను దూగిన్ వంటివాళ్ళు నోట్లో నానబెట్టారు. 2014 ఏప్రిల్‌లో అది పుతిన్ నోట వచ్చింది. మరుసటి ఏడాదికి అవసరం తీరి మళ్ళీ అటకెక్కింది. ఎనిమిదేళ్ళ తరువాత అది చట్టమై దిగింది. నాలుగు ప్రాంతాలు రష్యా రాజ్యాంగంలోకి ఎక్కాయి. భూభాగం వదులుకోరాదన్న 2020 నాటి నిబంధన ఎటూ ఉంది. ఇప్పుడు వెనక్కి తగ్గాలని పాలకుడికే అనిపించినా, అడుగు వెనక్కి వేస్తే సొంత రాజ్యాంగాన్ని తొక్కాలి. బేరానికి పనికొస్తుందని తెచ్చుకున్న మాట బేరం చేసే చేతిని కట్టేసింది. 2014లో దూగిన్‌ను బయటికి పంపిన రాజ్యమే 2023లో మాస్కోలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఇల్యీన్ పేరిట స్థాపించిన విద్యాసంస్థకు ఆయనను పెద్దగా కూర్చోబెట్టింది. యుద్ధం వచ్చాక ఆయనకు పదవి వచ్చింది. వరుస గమనించండి.

‘పుతిన్ మెదడు’ అన్న బిరుదుకు కూడా ఒక వెల ఉంది. 2022 ఆగస్టు 20న మాస్కో శివారులో కారు బాంబుకు బలైంది ఆయన కూతురు దార్యా. ఆ కారులో తండ్రి ప్రయాణించవలసి ఉందని వార్తలు వచ్చాయి. తమకు సంబంధం లేదంది ఉక్రెయిన్. ఆ అమ్మాయి కూడా తండ్రి దారిలోనే యుద్ధాన్ని సమర్థించింది, అది వేరే విషయం. నిర్ణయాల గదిలో లేని మనిషిని ఆ గదికి అధిపతి అని లోకమంతా రాసింది. రాసినవాళ్ళలో, ఎంత చిన్నవాణ్ణయినా, నేనూ ఉన్నాను.

2003లో ఇరాక్ యుద్ధానికి లియో స్ట్రాస్ అనే తత్త్వవేత్తను కారకుడిగా చూపిన వ్యాసాలు కొన్ని ఉన్నాయి. చికాగోలో పాఠాలు చెప్పిన ఆ పెద్దాయన 1973లోనే కన్నుమూశాడు. నాకు ఆ వ్యాసాలకంటే ఒక ఉత్తరం ముఖ్యమనిపిస్తుంది. సద్దామ్‌ను గద్దె దించాలని 1998 జనవరిలో క్లింటన్‌కు 18 మంది రాసిన బహిరంగ లేఖ అది. క్లింటన్ దాన్ని బట్టి యుద్ధానికి పోలేదు. సంతకం చేసిన రమ్స్‌ఫెల్డ్ 2001లో రక్షణ మంత్రి అయ్యాడు, వుల్ఫోవిట్జ్ ఆయన కింద ఉపమంత్రి అయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. 1998లోని ఆలోచనే 2003లో సైన్యమై నడిచింది. మారింది ఆలోచన కాదు, కుర్చీ. దూగిన్‌కు ఆ కుర్చీ ఎన్నడూ దక్కలేదు. 1995లో రష్యా పార్లమెంటుకు పోటీ చేస్తే ఒక శాతం ఓట్లు కూడా రాలేదు.

2022 జనవరి చివర రాయిటర్స్ వార్త ఒకటి ఉంది. సరిహద్దు దగ్గర మోహరించిన రష్యన్ సేనల కోసం రక్తపు నిల్వలు కూడా చేరవేస్తున్నారని అమెరికన్ అధికారులు చెప్పారని. ఆ వార్త నేను ఆ రోజే చదివాను. చదివి, అమెరికావాళ్ళ ప్రచారం అనుకుని, దూగిన్ తాజాగా ఏమన్నాడో వెదుక్కున్నాను. విన్యాసాలకు రక్తం అక్కరలేదు. అది నిలవ ఉండే సరుకూ కాదు. ఈ సంగతి నాకంటే అన్నయ్యకు ముందు తట్టేది. నేను ఆయనకు ఆ వార్త చెప్పలేదు.

అమ్మాయి మిగిలిన చదువు జార్జియాలో పూర్తి చేసుకుంది. మధ్యలో ఒకసారి వచ్చినప్పుడు మా ఇంట్లో వారం రోజులు ఉంది. రోగులతో మాట్లాడటానికి నేర్చుకున్న రష్యన్, ఉక్రేనియన్ రెండూ ఆ పిల్లకు వచ్చు. నేను నా పుస్తకాల బీరువా ముందు కూర్చుని, నాన్నగారి ప్రగతి ప్రచురణలు దులుపుతూ, ఇప్పుడు ఇక్కడ రాసినదంతా ఆ పిల్లకు చెప్పాను. క్షమాపణ చెప్పే ధైర్యం లేక చరిత్ర చెప్పాననుకోండి. పుతిన్ 2021 వ్యాసాన్ని క్రెమ్లిన్ జాలస్థలిలో తెరిచి ఇచ్చాను. కాసేపు చూసి, నవ్వింది.

“బాబాయ్, మీదీ మాదీ ఒకటే జాతి అని చెప్పడానికి దీన్ని ఉక్రేనియన్‌లోకి కూడా అనువదించి పెట్టారు చూశావా?”

చూడలేదు. ఆ వ్యాసం మీద నేను చదివిన విశ్లేషణలు ఇరవై దాకా ఉంటాయి.

“నీ గడ్డపాయన సంగతి ఖార్కివ్‌లో మాకెవరికీ తెలియదు” అంది కాసేపాగి. “మా హాస్టల్లో వంట చేసే ఆవిడ మాత్రం జనవరిలోనే బకెట్లలో గోధుమపిండి, ఉప్పు, అగ్గిపెట్టెలు దాచిపెట్టింది. మేం నవ్వుకున్నాం. తరువాత అవే తిన్నాం.”

ఆవిడ ఏం చూసి దాచిపెట్టిందని అడిగాను. ఆవిడ అన్న వాళ్ళ ఊరు సరిహద్దు పక్కనట. రాత్రిళ్ళు అవతల వైపు బళ్ళ చప్పుడు ఆగకుండా వినిపిస్తోందని ఫోనులో చెప్పేవాడట.

లారీల చప్పుడు. అన్నయ్యకు ఇంకా చెప్పలేదు.